కప్పను కోసినవాడు

జూన్ 20, 1971. రుద్రూర్.

రాధాబాయి అక్క ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. హైదరాబాదు నీళ్లు పడక ఒంట్లో బాగాలేదని చెప్పాను. అక్క నమ్మింది. బావ సంగతి తెలియదు. భోజన్న బావ చెరుకు ధర పెరిగిందన్నా, ఎడ్లు తప్పిపోయాయన్నా ఒకటే మొహంతో వింటాడు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకుంటున్నాను. నేను ఎవరికీ మొహం చాటేసి రాలేదు. పెద్ద పని చేసినవాడికి విశ్రాంతి కావాలి, అంతే.

సాయంత్రం అక్క రొట్టె కాలుస్తూ అడిగింది.

"తమ్మీ, నీ సిన్మ బోధన్‌కు ఎప్పుడొస్తది?"

"ఇంకా ల్యాబులనే ఉందక్కా. జర పని మిగిలింది."

ల్యాబులో ఏమీ లేదు. సినిమా విడుదలై, హైదరాబాదులో ఒక వారం ఆడి, వెళ్లిపోయింది. ఆ మాట అక్కకు చెప్పలేను. అమ్మ పోయేనాటికి నాకు నడక రాదు. అక్కే చంకనేసుకొని పెంచింది. ఇప్పుడు వాడకట్టులో ఎవరు కనబడినా "మా దేవిదాస్ సిన్మ తీసిండు" అని చెబుతోంది. నిన్న పెసర్లు అమ్మవచ్చిన ముసలాయనకు కూడా చెప్పింది.

జూన్ 22

మృగశిర కార్తె దాటిపోయింది. వాన లేదు. అక్క మళ్లీ అడిగింది. వస్తుందన్నాను.

జూన్ 25

కొంప మునిగింది.

సంత జరిగే జాగాలో సిరాజ్ భాయ్ అనే ఆయన డేరా టాకీసు దిగింది. వానాకాలంలో డేరా వేసేవాడు పిచ్చివాడే, కానీ ఇది వాన లేని వానాకాలం. పొద్దున నేను మజ్జిగ తాగుతుంటే వీధిలో ఎడ్లబండి మీద మైకు అరిచింది.

"రేపటి సంది! ఊరు మునిగిన వేళ! కట్ట తెగుతది, ఊరు మునుగుతది, సూడుండ్రి!"

మజ్జిగ పొలమారింది. అక్క పరుగున వచ్చి నా నెత్తిమీద తట్టింది. "ఎవరో తల్సుకుంటుండ్రు తమ్మీ."

అది నా సినిమా. పేరు చివర్లో పెట్టాం కాబట్టి అక్కకు తెలియదు. లోకంలో ఇన్ని సినిమాలుండగా సిరాజ్ భాయ్‌కి ఇదే దొరికింది.

ఎందుకు భయపడుతున్నానో నాకు నేనే ఒకసారి రాసుకుంటే తేలికవుతుందేమో. వరద సీను కోసం నిజం ఊరిని ముంచలేం కాబట్టి, కుంట పక్కన గుంట తవ్వి, అట్టముక్కలతో ఊరు కట్టాం. మట్టితో కట్ట వేశాం. జానెడు ఇళ్లు, మూరెడు గోపురం. కట్ట తెంచి నీళ్లు వదిలాం. కెమెరాలో చూస్తే అచ్చం ప్రళయమే. ఒక్కసారే తీయగలిగాం, అట్ట నానిపోయింది, ఫిల్మూ అయిపోయింది. ల్యాబులో కడిగాక చూస్తే, నీళ్లలోంచి ఒక కప్ప ఎగిరి గోపురం మీద కూర్చుంది. గోపురమంత కప్ప. గొంతు ఉబ్బించి, ఊరు మునగడం తీరిగ్గా చూసింది.

ఎవరూ గమనించరులే అనుకున్నాను. హైదరాబాదులో హాలు హాలంతా పొట్ట పట్టుకొని నవ్వింది. ఒక పత్రికవాడు ఇలా రాశాడు: "ఈ చిత్రంలో సహజంగా నటించింది కప్ప ఒక్కటే."

రాసుకున్నాను. తేలిక కాలేదు.

జూన్ 26

పొద్దున్నే డేరా దగ్గరికి పోయి, ఊరికే వచ్చినట్టు సిరాజ్ భాయ్‌ని కదిపాను. సినిమా ఎవరిది, ఎవరు తీశారు అని.

"ఎవరు తీస్తే ఏంది భాయ్?" అన్నాడు. "మొదట్ల పేర్లు వచ్చే ముక్క చినిగిపోయింది. మా దస్తగిర్ కోసిపారేసిండు. సీదా పెండ్లి సీను నుంచే షురూ."

మిషను తిప్పే దస్తగిర్ తలూపాడు. తన పేరు తెర మీద లేదని తెలిసి ఇంత సంతోషించిన డైరెక్టరు ఇంకొకడు ఉండడు.

సాయంత్రం బావతో వెళ్లాను. అక్క రాలేదు, తన అత్త సాయవ్వకు మోకాళ్ల నొప్పులని ఇంట్లో ఉండిపోయింది. మంచిదైంది. మగవాళ్ల వైపు వెనక గుంజకు ఆనుకొని కూర్చున్నాను. మధ్యలో గుడ్డ అడ్డం, అవతల ఆడవాళ్లు.

పెళ్లి సీను ప్రశాంతంగా గడిచింది. అడ్డం అవతల ముక్కులు చీదిన చప్పుడు వినబడింది. తర్వాత వాన వచ్చింది. మేము పూలచెట్లకు పోసే రోజా డబ్బాతో కురిపించిన వాన అది. హీరో మీద పడుతుంది, వెనక గోడ పొడిగా ఉంటుంది. నేను కళ్లు మూసుకున్నాను. నా ముందున్న రైతు పక్కవాడితో అన్నాడు:

"గీ వాన మా ఊరి వాన లెక్కనే ఉన్నదిరా. ఒకని చేన్ల పడ్తది, పక్కోని చేన్ల పడది."

"నిజమే తీసిండు," అన్నాడు పక్కవాడు.

హీరో వాగులో కొట్టుకుపోయేటప్పుడు ఎవరూ ఏడవలేదు. "కాలువ పక్కన పుట్టి ఈత రాదా వీనికి?" అని కసురుకున్నారు. హీరోయిన్ గుండెలు బాదుకుంటుంటే "అమ్మా, జర పక్కకు జరుగు, నీళ్లు సూడనియ్యి" అని ఒకాయన ప్రాధేయపడ్డాడు.

ఇక కట్ట తెగింది. మోస్రా నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన గుంపు ఒకటి ఉంది. పిల్లకాలువ చివర పొలాలట, నీళ్లు ఏనాడూ వాళ్లదాకా పోవట. వాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"వచ్చె! నీళ్లు వచ్చె!"

రుమాళ్లు ఎగిరాయి. ఈలలు. ఒకాయన పక్కవాణ్ని కౌగిలించుకున్నాడు. నేను రాత్రులు నిద్రమాని తీసిన విషాదం చూసి వీళ్లు పండుగ చేసుకుంటున్నారు. నేల చీలితే బాగుండుననుకున్నాను.

అప్పుడు కప్ప ఎగిరింది.

నవ్వు కోసం తల దించుకొని ఎదురుచూశాను. రాలేదు. డేరా అంతా మిషను కర్రకర్ర తప్ప వేరే చప్పుడు లేదు. అడ్డం అవతల నుంచి ఒక ముసలి గొంతు లేచింది.

"కప్పతల్లీ! వచ్చినవా తల్లీ!"

గాజులు గలగలమన్నాయి. చూస్తే అందరూ చేతులు జోడించి ఉన్నారు. వానలు రాకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్లు పోయించడం మా ఊళ్లలో ఉన్నదే. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆడారట, చుక్క పడలేదట. పిలిస్తే రాని తల్లి ఇప్పుడు గోపురమంత ఎత్తున వచ్చి కూర్చుంది, వెనకనే నీళ్లు తెచ్చింది.

"మల్లెయ్యి! గదే మల్లెయ్యి!"

దస్తగిర్ ఆ రీలు మళ్లీ వేశాడు. మళ్లీ కట్ట తెగింది, మళ్లీ కప్ప ఎగిరింది.

దారిలో బావను అడిగాను, ఎట్లుందని. చాలాసేపు నడిచాక అదే మొహంతో చెప్పాడు:

"కట్ట కట్టిన గుత్తేదారును పట్టుకోవాలె."

జూన్ 27

ఊరంతా అదే మాట. హీరో లేడు, హీరోయిన్ లేదు, నేను రాసిన ఒక్క డైలాగు ఎవరి నోటా లేదు. కప్ప, కప్ప, కప్ప.

మోస్రా నుంచి వచ్చి అక్కవాళ్ల పక్కింట్లో దిగిన హన్మవ్వ అరుగు మీద కూర్చొని అందరికీ చెబుతోంది. రాత్రి మొదట మొక్కింది ఆమేనట. నేను ఊరుకోలేకపోయాను.

"అవ్వా, గది మామూలు కప్పనే. ఇండ్లే చిన్నయి. అట్టముక్కలతోని కట్టిండ్రు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "సదువుకున్నోనివి. నీకేం తెలుస్తది బిడ్డా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రెండు చోట్లా ఓడాను. రెండు చోట్లా గెలిచింది ఆ కప్పే.

నాకేమీ కోపం లేదు. కప్ప మీద కోపమేమిటి.

పడుకునే ముందు అక్క అంది: "రేపు నేను, అత్త పోతం. అత్త కాళ్లు నొచ్చినా సరే కప్పతల్లిని సూస్తనంటుంది. నీదీ వరద సిన్మనే గదా తమ్మీ? గీళ్లు నీది జూసి తీసిండ్రేమో."

ఏం చెప్పాలి? వరద మీద తీస్తున్నానని షూటింగుకు ముందు నేనే ఊదరగొట్టాను. అక్క తెలివితక్కువది కాదు. రేపు తెర మీద చూస్తుంది. ఊరివాళ్లు మొక్కితే మొక్కనీ, అక్క మొక్కదు. చిన్నప్పటి నుంచి ఏది వింతగా కనబడినా అక్కకు నవ్వు ఆగదు. నవ్వుతుంది. తర్వాత ఎవరి సినిమానో తెలుస్తుంది. పెసర్లాయనకు కూడా చెప్పుకున్న తమ్ముడు తీసింది ఇదా అనుకుంటుంది.

లోకమంతా నవ్వింది, ఓర్చుకున్నాను. అక్క నవ్వితే ఓర్చుకోలేను.

జూన్ 28, మధ్యాహ్నం

పని అయిపోయింది. డేరాకు పోయి దస్తగిర్‌తో, ఆ కప్ప ముక్క దగ్గర ఫిల్ము పాడైందనీ, మిషనులో ఇరుక్కొని అంటుకుంటుందనీ, హైదరాబాదులో నా కళ్లారా చూశాననీ చెప్పాను. పాపం, హడలిపోయాడు.

"నువ్వు సిన్మల పనిజేసినవా భాయ్?"

"జరంత."

నా చేతితోనే కత్తిరించాను. అటూ ఇటూ గమ్ము రాసి అతికించాం. కప్ప ఇప్పుడు నా అంగీ జేబులో చుట్టగా ఉంది. మనసు హాయిగా ఉంది.

జూన్ 28, సినిమా తర్వాత

హాయి లేదు, ఏమీ లేదు.

డేరా పట్టనంత మంది వచ్చారు. వర్ని నుంచి కూడా బండ్లు. పసుపు కుంకుమలు, కొబ్బరికాయలు తెచ్చుకున్నారు. కట్ట తెగింది, ఈలలు. గోపురం కనబడింది, అందరూ చేతులు జోడించారు. గోపురం మునిగింది. కప్ప రాలేదు.

కాసేపు జోడించిన చేతులు జోడించినట్టే ఉన్నాయి. తర్వాత ఎవరో మెల్లగా అడిగారు, "కప్పేది?" ఇంకొకరు గట్టిగా, "కప్పేదిరా?" తెర మీద పిడికెడు మట్టి వచ్చి పడింది. హీరోయిన్ ఏడుస్తూనే ఉంది, పాపం.

అడ్డం అవతల నుంచి సాయవ్వ గొంతు: "నేను కుంటుకుంట గింత దూరం కప్పను జూడ వస్తిని గదనే!"

దారి పొడవునా అక్క సాయవ్వ చెయ్యి పట్టుకొని ముందు నడిచింది. నేను తేలు కుట్టిన దొంగలా వెనక నడిచాను.

జూన్ 29, పొద్దున

నిన్న సాయంత్రం పడమట కొంచెం మబ్బు పట్టిందట. తెల్లారేసరికి లేదు. అంతే, కప్పను కోసినందుకే మబ్బు తిరిగిపోయిందని ఊరు తేల్చేసింది. హన్మవ్వ ఆడవాళ్లందరినీ వెంటేసుకొని డేరా మీదికి పోయింది. దస్తగిర్‌ని పట్టుకున్నారట.

ఇది వాళ్ల నమ్మకం, నాకేం సంబంధం? మబ్బులు కత్తెరకు భయపడతాయా? పదకొండు గంటల బస్సుకు నిజామాబాదు, అక్కడినుంచి హైదరాబాదు. సంచి సర్దుకున్నాను.

జూన్ 29, రాత్రి

బస్సు ఎక్కలేదు.

బస్సు ఆగే చోటికి డేరా ముందు నుంచే పోవాలి. సిరాజ్ భాయ్ తాళ్లు విప్పిస్తున్నాడు, ఇక ఈ తాలూకాలోనే డేరా వేయనని చేతులు జోడిస్తున్నాడు. ఆడవాళ్ల నడుమ దస్తగిర్ తల వంచుకొని నిలబడ్డాడు. హన్మవ్వ అడుగుతోంది, కప్పను ఎవడు కోసిండని. దస్తగిర్ తలెత్తి నన్ను చూశాడు. నా సంచినీ చూశాడు. మళ్లీ తల దించుకున్నాడు.

"నేనే కోసిన అవ్వా. గల్తీ అయింది. మాఫ్ జెయ్యుండ్రి."

అన్నం పెట్టిన సినిమాను కాదన్నాను, అక్కకు అబద్ధం చెప్పాను, అన్నీ సర్దిచెప్పుకోగలిగాను. ఇది సర్దిచెప్పుకోలేకపోయాను. కాళ్లు వాటంతట అవే గుంపులోకి పోయాయి.

"ఆయన గాదు. నేను కోసిన."

అందరూ తిరిగారు. వెనక బిందె చంకన పెట్టుకొని అక్క నిలబడి ఉంది. ఆమెను అప్పుడే చూశాను. చూశాక ఆగడం నా వల్ల కాలేదు.

"గా సిన్మ నేనే తీసిన. గా కప్ప నాకు దెల్వకుంటనే పడ్డది. పట్నంల అందరు నవ్విండ్రు. సిన్మ వారంల పోయింది. మా అక్క గూడ జూసి నవ్వుతదని కోసిన."

జేబులోంచి చుట్ట తీసి చూపించాను. హన్మవ్వ దగ్గరికి వచ్చి చుట్టను, నన్ను మార్చి మార్చి చూసింది.

"గిది నువ్వు తీసినవా? మరి గా కప్పను ఎక్కడికెల్లి పట్టుకొస్తివి?"

"నేను తేలే అవ్వా. అదే వచ్చింది."

హన్మవ్వ గుంపు వైపు తిరిగింది. "ఇన్నరా? అదే వచ్చిందట!"

గుంపంతా గుండెల మీద చేతులు వేసుకుంది. నిజం చెప్పి తప్పించుకుందామనుకుంటే నిజమే వాళ్ల పక్షాన చేరింది. ఇక తీర్పు జరిగిపోయింది. కోసినవాడే అతికించాలి. రేపు కప్పతల్లి రోకలి వాడే మొయ్యాలి, ఇల్లిల్లూ తిరగాలి.

అక్క కోసం చూశాను. అప్పటికే బిందెతో వెళ్లిపోయింది. రాత్రి అన్నం పెట్టి, సాయవ్వ మోకాళ్లకు నూనె రాయడానికి లేచిపోయింది.

జూన్ 30

ఒళ్లంతా నొప్పులు, జలుబు. ఇంత మంచి రోజు నా జన్మలో లేదు.

నడుముకు వేపమండలు చుట్టారు, తలకు కూడా చుట్టారు. రోకలి ఒక కొన నా భుజం మీద. రెండో కొన మొయ్యడానికి దస్తగిర్ తనంతట తనే వచ్చాడు. "నేను గూడ గమ్ము రాసిన గద భాయ్," అన్నాడు. నడుమ తడిగుడ్డలో చిన్న కప్ప, నిజం కప్ప, అరచేతిలో పట్టేది. వెనక ఆడవాళ్లు పాడుతూ, పిల్లలు గంతులేస్తూ.

ఇంటికొక చెంబు నీళ్లు పోయాలి. కప్ప మీద పోసి ఊరుకోవచ్చు. కానీ సినిమా తీసినవాడు దొరికాడు కదా, చెంబుకొక అభిప్రాయం కలిపి నా నెత్తిన పోశారు.

"పాట లంబుగుంది, కొడుకా, ఎంతకూ ఒడవది!" ఒక చెంబు.

"పెండ్లి భోజనం మంచిగ తీసినవు. పప్పు పోసేటప్పుడు నా నోట్ల నీళ్లూరినయి." ఒక చెంబు.

"గా పోరనికి ఈత నేర్పియ్యి ఫస్టు." ఇది బిందెడు.

"నీ అత్తగారి పాత్ర మా అత్తే. ఎప్పుడు జూసినవు?" అని ఒక కోడలు గుసగుసగా అడిగి, లోపలి నుంచి పిలుపు వస్తే గబగబా కుమ్మరించి పోయింది.

హైదరాబాదులో ఒక్క వాక్యం రాశారు. ఇక్కడ ఊరు ఊరంతా సినిమాను గింజ గింజ ఏరింది. వణుకుతూ, తుమ్ముతూ, ఇంకో ఇంటికి పోదామా అన్నట్టు నేనే ముందు నడిచాను. భోజన్న బావ కూడా గడపలోకి వచ్చి ఒక చెంబు పోశాడు. మొహం అదే.

బావ వెనక నుంచి అక్క బిందె ఎత్తుకొని వచ్చింది. నేను తల వంచాను. ఆమె ఒక్కసారిగా కుమ్మరించలేదు, చిన్నప్పుడు తలస్నానం చేయించినట్టు మెల్లమెల్లగా పోసింది.

"నా తోని ఎందుకు జెప్పకపోతివి?"

"నవ్వుతవని."

"పిచ్చోడా. మొన్న సిన్మ షురూ అయినంక గడియకే నాకు సమజైంది, నీదేనని."

"ఎట్ల?"

"పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తమ్ముణ్ని చంకల నుంచి దించనంటది. అందరు గుంజుతరు, దించది, గట్లనే బండెక్కుతది. లోకంల గట్ల పోయింది నేనొక్కదాన్నే గద తమ్మీ. మా అత్త ఆనాడు ఎన్ని మాటలన్నదో, గవ్వి గూడ పెట్టినవు. అత్త పక్కన్నే కూసోని ఇన్నది."

సాయవ్వ లోపలి నుంచి అరిచింది: "నేను గన్ని మాటలన్లే!"

అక్క కళ్లు తుడుచుకుంది. నా మొహం మీద ఎలాగూ నీళ్లే, ఎవరికీ తెలియలేదు.

జూలై 1

సిరాజ్ భాయ్ విప్పిన తాళ్లు మళ్లీ కట్టించాడు. కప్పను అతికించాం. నిన్న సాయంత్రం ఆట నిండిపోయింది. ఆడవాళ్ల వైపు అడ్డానికి ఆనుకొని అక్క కూర్చుంది. ఇవతల నేను. మధ్యలో గుడ్డ.

కట్ట తెగింది. మోస్రావాళ్లు లేచారు. ఈసారి నేనూ లేచాను, నా తువ్వాలూ ఎగిరింది. నీళ్లు గోపురం దాకా వచ్చాయి. కప్ప ఎగిరి కూర్చుంది, గొంతు ఉబ్బించింది. డేరా అంతా చేతులు జోడించి నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఒక్క నవ్వు వినబడింది. మొదట ముక్కులోంచి, తర్వాత ఆపుకోలేక గట్టిగా. చుట్టూ ఉన్నవాళ్లు "ఊకో రాధాబాయీ, కండ్లు పోతయి" అంటున్నారు. ఆమె ఆపలేకపోతోంది. అడ్డం కదిలింది, అవతల నుంచి తడుముకుంటూ ఒక చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది.

"తమ్మీ... గంత పెద్ద కప్ప... ఏందిరా అది!"

ఎన్నాళ్లుగానో భయపడిన నవ్వు అదే. వచ్చేసింది. నేను మళ్లీ తెర వైపు చూశాను. గోపురం మీద కప్ప, గోపురమంత కప్ప, ఊరు మునిగిపోతుంటే దొరలా కూర్చొని చూస్తోంది. హైదరాబాదులో అంతమంది నవ్విన రోజు నేనొక్కణ్నే దాన్ని సరిగా చూడలేదు.

అక్క చెయ్యి పట్టుకొని, పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాను.